మీ కుదుళ్లు ఆగగలవు, మీ అమ్మగారివి ఆగలేవు

ప్రశ్న: నా వయసు 29. ఏడాది కిందట తల వెనక నాణెమంత మేర జుట్టు ఊడి నున్నగా అయింది. ఇప్పుడు అలాంటి ప్యాచ్‌లు మూడు ఉన్నాయి. పేనుకొరుకుడు అన్నారు. మా అమ్మకు 57. ఆమెకు నుదుటి మీద జుట్టు గీత ఏటేటా వెనక్కి జరుగుతోంది, కనుబొమలు దాదాపు పోయాయి. బయాప్సీ చేసి ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపీషియా అని, మచ్చపడే రకమని చెప్పి హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఇచ్చారు. ఏడు నెలలు వాడినా ఒక్క వెంట్రుక మొలవలేదు. ఇద్దరివీ రోగనిరోధక వ్యవస్థ వల్ల వచ్చినవేనట. పేనుకొరుకుడుకు కొత్త మాత్రలు వచ్చాయని, తలంతా ఊడిపోయినవాళ్లకు కూడా జుట్టు వచ్చిందని చదివాం. ఆ మాత్ర ఇద్దరం వాడవచ్చా? అమ్మ ‘మంచి మందు వస్తోంది కదా, అప్పటిదాకా ఆగుదాం’ అని మూడు నెలల కిందట పాత మాత్రలు మానేసింది. బయోటిన్ మాత్రం ఇద్దరం వేసుకుంటున్నాం. జుట్టు నాటించుకుంటే సరిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. కనుబొమలకు పెన్సిల్ దిద్దుకోవచ్చా అని కూడా అమ్మ అడగమంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: ఉత్తరం మధ్యలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యంతో మొదలుపెడతాను. అమ్మగారు మూడు నెలలుగా మందు మానేశారన్నారు. మిగతా సంగతులు తీరిగ్గా చదువుకోవచ్చు. ముందు ఈ వారంలోనే ఆమెను మళ్లీ ఆ చర్మవైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. మీ మూడు ప్యాచ్‌లు ఇంకో ఆరు నెలలు అలాగే ఉన్నా కొంప మునగదు. ఆమె నుదుటి మీద ఈ ఆరు నెలల్లో పోయింది మాత్రం పోయినట్టే.

రెండూ ఆటోఇమ్యూన్ జబ్బులే, అంటే రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసేవే, అయినప్పుడు మందు ఒకటే ఎందుకు కాకూడదన్న మీ సందేహం తీసిపారేయదగ్గది కాదు. పరిశోధకులు కూడా దాన్నే తిరగేసి మరగేసి చూస్తున్నారు. తేడా అంతా దాడి కుదురులో ఏ భాగం మీద జరుగుతోందన్న దగ్గర ఉంది.

వెంట్రుక కుదురంటే చర్మంలోకి దిగిన సన్నని గొట్టం. అడుగున అది చిన్న గడ్డలా ఉబ్బి ఉంటుంది. వెంట్రుక తయారయ్యేది అక్కడే, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున. కొన్నేళ్లు పనిచేశాక ఆ గడ్డ కుంచించుకుపోయి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తరవాత మళ్లీ కొత్తగా తయారవుతుంది. దాన్ని తయారుచేసే మూలకణాలు అడుగున ఉండవు. బాగా పైన, చర్మానికి నూనె అందించే గ్రంథికి కాస్త కిందుగా, రోమాలు నిక్కబొడుచుకున్నప్పుడు బిగుసుకునే చిన్న కండరం వచ్చి అతుక్కునే చోట, వాటి గూడు ఉంటుంది. ఈ సంగతి 1990లో గానీ బయటపడలేదు. అమెరికాలో జార్జ్ కొట్సారెలిస్, ఆయన సహచరులు ఎలుకల చర్మంలో దీన్ని చూపించారు. అంతదాకా మూలకణాలు అడుగు గడ్డలోనే ఉంటాయని అందరి నమ్మకం.

మీ జబ్బులో దాడి అడుగు గడ్డ మీద జరుగుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే టి-కణాలు అనే రోగనిరోధక కణాలు దాని చుట్టూ ముసురుకుని కనిపిస్తాయి. పాఠ్యపుస్తకాలు దీన్ని తేనెటీగల గుంపుతో పోలుస్తాయి. గడ్డ దెబ్బతిని వెంట్రుక ఊడుతుంది గానీ పైనున్న గూడు జోలికి ఎవరూ పోరు. అందుకే ఏళ్ల తరబడి నున్నగా ఉన్న తలమీద కూడా మళ్లీ జుట్టు రావడానికి అవకాశం మిగిలి ఉంటుంది. (పేనుకు ఇందులో ఏ పాపమూ తెలియదు. పేరు పెట్టినవాళ్లు నున్నటి చోటు చూసి ఏదో కొరికిందనుకున్నారు, పాపం ఆ ప్రాణికి అపకీర్తి అంటుకుంది.)

అమ్మగారి జబ్బులో దాడి నేరుగా గూడు మీదే. మూలకణాలు చనిపోతే ఆ కుదురు స్థానంలో పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. అదే మచ్చ. పైకి కనపడే గాయపు మచ్చలా కాదు, లోలోపల పడుతుంది. ఒక చిన్న పరీక్ష మీరే చేసి చూడండి. మంచి వెలుతురులో భూతద్దం పట్టుకుని ముందు మీ ప్యాచ్ చూపించుకోండి. నున్నగా ఉన్నా చర్మం మీద వెంట్రుక రంధ్రాలు చుక్కల్లా కనిపిస్తాయి. అంచుల్లో మొదలు సన్నగా, కొస లావుగా, ఆశ్చర్యార్థకం గుర్తులాంటి పొట్టి వెంట్రుకలు ఉండవచ్చు. తరవాత అమ్మగారి నుదుటి పైభాగం చూడండి. జుట్టు పోయిన మేర చర్మం పాలిపోయి, సాపుగా, రంధ్రాలు లేకుండా ఉంటుంది. ఆ మేరలో అక్కడక్కడా ఒంటరిగా ఒకటీ అరా వెంట్రుకలు మిగిలి ఉంటాయి. ఒకప్పుడు జుట్టు గీత ఎక్కడ ఉండేదో అవి చెబుతాయి. మిగిలిన జుట్టు మొదళ్ల చుట్టూ ఎర్రదనం, సన్నటి పొట్టు ఉంటే దాడి ఇంకా సాగుతోందని అర్థం.

మీరు చదివిన కొత్త మాత్రల వెనక మంచి కథే ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏంజెలా క్రిస్టియానో అనే జన్యుశాస్త్రవేత్తకు స్వయంగా పేనుకొరుకుడు వచ్చింది. ఆమె బృందం వెయ్యిమందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. ఈ జబ్బుతో ముడిపడిన జన్యువుల్లో కొన్ని కీళ్లవాతం, చిన్నప్పుడే వచ్చే మధుమేహం లాంటి జబ్బుల్లో కనపడేవే. ఇంకొన్ని, కష్టంలో ఉన్న కణం ‘నన్ను చంపండి’ అన్నట్టు పైకి ఎగరేసే జెండాలకు సంబంధించినవి. మామూలుగా అడుగు గడ్డకు రోగనిరోధక కణాల కంట పడకుండా ఒక మరుగు ఉంటుంది, కంటి లోపలి భాగానికి ఉన్నట్టే. ఆ మరుగు తొలగి జెండా బయటపడితే టి-కణాలు వచ్చి మీద పడతాయి. వచ్చినవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతాన్ని వదులుతాయి. దానికి బదులుగా కుదురు ఇంటర్‌ల్యూకిన్ 15 అనే మరో సంకేతాన్ని పంపుతుంది, అది ఇంకొన్ని టి-కణాలను పిలుస్తుంది. ఇలా మంట తనను తానే రాజేసుకుంటుంది. ఈ రెండు సంకేతాలూ కణం లోపలికి చేరడానికి జాక్ అనే ఎంజైములు కావాలి.

జాక్‌ను అడ్డుకునే మందులు అప్పటికే ఉన్నాయి. టోఫాసిటినిబ్‌కు అమెరికాలో 2012లో కీళ్లవాతానికి అనుమతి వచ్చింది. 2014లో రెండు సంగతులు కొద్ది నెలల తేడాలో బయటికి వచ్చాయి. యేల్ విశ్వవిద్యాలయంలో బ్రెట్ కింగ్ అనే వైద్యుడు, ఒంటిమీద ఒక్క వెంట్రుక లేని 25 ఏళ్ల యువకుడికి అతని సోరియాసిస్ కూడా తగ్గుతుందని టోఫాసిటినిబ్ ఇచ్చి చూశారు. ఎనిమిది నెలల్లో తల, కనుబొమలు, గడ్డం అన్నీ వచ్చాయి. కొలంబియా బృందమేమో ఈ తరగతి మందులు ఎలుకల్లో ఎలా పనిచేస్తాయో విడమరచి చూపి, రుక్సోలిటినిబ్ వాడిన ముగ్గురు రోగుల్లో జుట్టు తిరిగి రావడాన్నీ ప్రకటించింది. ఎలుకల బట్టతల ప్రయోగశాలల్లో ఇప్పటికి ఎన్నిసార్లు నయమైందో లెక్కలేదు. కానీ ఈసారి ఎలుకల్లో కనపడింది మనుషుల్లోనూ కనపడింది, ఎందుకు పనిచేసిందో కూడా తెలిసింది.

ఆ తరవాత పెద్ద పరీక్షలు జరిగాయి. బారిసిటినిబ్‌ను రెండు పరీక్షల్లో కలిపి 1,200 మంది పెద్దవాళ్ల మీద చూశారు. అందరికీ తలలో సగమైనా జుట్టు లేదు. 36 వారాలు గడిచేసరికి రోజుకు 4 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో నూటికి 36 నుంచి 39 మందికి తలలో 80 శాతం మేర, లేదా అంతకు మించి, జుట్టు నిండింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఆ స్థాయికి చేరినవాళ్లు నూటికి ముగ్గురి నుంచి ఆరుగురు. 2022 జూన్‌లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. తీవ్రమైన పేనుకొరుకుడుకు ఒళ్లంతటి మీదా పనిచేసే మందుగా అక్కడ అనుమతి పొందిన మొదటిది ఇదే. 2023లో రిట్లెసిటినిబ్‌కు వచ్చింది, దాన్ని 12 ఏళ్లు దాటిన పిల్లలకూ వాడవచ్చు. 2024లో డ్యూరుక్సోలిటినిబ్ వంతు. 2025లో ఉపాడాసిటినిబ్ మూడో దశ పరీక్షల్లో పెద్ద మోతాదు తీసుకున్నవాళ్లలో సగానికి మించి అదే స్థాయికి చేరారు.

ఈ అంకెలను రెండువైపులా చదవాలి. నిన్నటిదాకా ఏ మందుకూ లొంగని రూపంలో నూటికి నలభైమంది దాకా జుట్టు రావడం నేను వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో ఊహకు కూడా అందని మాట. అదే అంకెను తిప్పి చూస్తే, నూటికి అరవైమందికి ఆ మేరకు రాలేదు. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జుట్టు రానివాళ్లను ఆ పరీక్షల్లోకి తీసుకోలేదు కూడా.

వార్తల్లో చివరి పేరాలోకి జారిపోయే సంగతి ఇంకొకటుంది. మాత్ర మానితే ఏమవుతుంది? బారిసిటినిబ్‌తో జుట్టు వచ్చినవాళ్లలో కొందరికి మాత్ర ఆపి చూశారు. రెండేళ్లలోపు అయిదుగురిలో నలుగురి దాకా వచ్చిన ఫలం పోగొట్టుకున్నారు. అంటే ఇది మంటను ఆర్పే మందు కాదు, అణిచిపెట్టి ఉంచే మందు. వాడినంత కాలం పని, ఆపితే పాత కథ.

భద్రత సంగతికి వస్తే, ఈ తరగతి మాత్రల పెట్టెల మీద అమెరికాలో పెద్ద హెచ్చరిక ఉంటుంది: తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, గుండెజబ్బులు, రక్తం గడ్డకట్టడం, కొన్ని క్యాన్సర్లు. ఆ హెచ్చరికకు ముఖ్య ఆధారం టోఫాసిటినిబ్ మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం. అందులో ఉన్నది 50 ఏళ్లు దాటి, గుండెజబ్బుకు కనీసం ఒక కారణమైనా ఉన్న కీళ్లవాత రోగులు. మీ వయసువాళ్లకు ఆ ముప్పు అంతే ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం. లేదని భరోసా ఇవ్వడానికి ఇరవై ఏళ్ల అనుభవమూ మన దగ్గర లేదు. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ పరీక్షలు, రక్తకణాలు, కాలేయం, కొలెస్ట్రాల్ చూసుకుని, తరవాత మధ్యమధ్య మళ్లీ చూస్తుండాలి. గర్భం ఆలోచన ఉంటే ఈ మాత్రలు పనికిరావు. పిల్లల గురించి మీరేమీ రాయలేదు గాని, 29 ఏళ్లన్నారు కాబట్టి చెప్పక తప్పదు.

ఇంతా చెప్పాక మీ విషయానికి వస్తే, ఆ మాత్రలు మీకు కావు. అవి తలలో సగం పోయినవాళ్ల కోసం. మూడు ప్యాచ్‌లు ఉన్నవాళ్లలో చాలామందికి మందు లేకుండానే ఏడాదిలోపు కొత్త జుట్టు రావడం మామూలే. మొదట తెల్లగా, నూగులా వచ్చి తరవాత నల్లబడుతుంది, తెల్లగా వచ్చిందని బెంగపడకండి. ఏడాది అయినా మీవి పెరుగుతున్నాయి కాబట్టి చూస్తూ కూర్చోమనను. ప్యాచ్‌లలో నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి ట్రయామ్‌సినలోన్ అనే స్టిరాయిడ్ సూదులు వేయించుకోండి. పాత మందే, పేపర్లలో దాని గురించి ఎవరూ రాయరు, కానీ చిన్న ప్యాచ్‌లకు మేం మొదట అందుకునేది ఇప్పటికీ దాన్నే. సూది వేసిన చోట చర్మం కాస్త గుంటపడవచ్చు, ఎక్కువగా అది మళ్లీ సర్దుకుంటుంది. థైరాయిడ్ పరీక్ష చేయించారా? పేనుకొరుకుడు ఉన్నవాళ్లలో థైరాయిడ్ తేడాలు మిగతావాళ్లకన్నా ఎక్కువ.

ఆ పరీక్షకు వెళ్లేముందు బయోటిన్ సంగతి డాక్టరుకు చెప్పండి. లోపం లేనివాళ్లకు బయోటిన్ వల్ల జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, అది సరే. పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ ఫలితం తారుమారుగా రావచ్చు. గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. 57 ఏళ్ల అమ్మగారు రోజూ అది వేసుకోవడం నాకు మీ మూడు ప్యాచ్‌లకన్నా ఎక్కువ చికాకు కలిగించే విషయం. ఇద్దరూ మానేయండి.

ఇక అమ్మగారు.

ఏడు నెలలు వాడినా ఒక్క వెంట్రుక మొలవలేదు కాబట్టి మందు పనిచేయలేదని మీరిద్దరూ తీర్పు చెప్పేశారు. ఆమె జబ్బులో మందు చేయవలసిన పని అది కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చింది పోయిన జుట్టును తేవడానికి కాదు, ఉన్న గూళ్లను కాపాడటానికి. ఆ ఏడు నెలల్లో జుట్టు గీత ఇంకా వెనక్కి జరిగిందా? దురద, మంట తగ్గాయా? మొదళ్ల చుట్టూ ఎర్రదనం తగ్గిందా? ఇవి మీరు రాయలేదు, బహుశా చూసి ఉండరు. గీత ఉన్నచోటే ఉండి ఉంటే ఆ మందు చక్కగా పనిచేసినట్టే. గెలిచినా ఓడినట్టే కనపడటం ఈ జబ్బు స్వభావం. దానివల్ల మందు మధ్యలో ఆపేసి, ఏడాది తరవాత నుదురు ఇంకో వేలెడు పెరిగాక తిరిగి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. పైగా ఈ మందు తన పని చూపించడానికే చాలా నెలలు తీసుకుంటుంది, ఏడు నెలలకే తేల్చేయడం తొందరపాటు.

కొలిచే పద్ధతి చెబుతాను. కుట్టుపనికి వాడే టేపు తీసుకోండి. రెండు కనుబొమల మధ్య బిందువు నుంచి నిటారుగా పైకి, ఒత్తుగా జుట్టు మొదలయ్యేచోటు దాకా ఎన్ని సెంటీమీటర్లో రాసిపెట్టండి. ఒంటరి వెంట్రుకలను లెక్కలోకి తీసుకోకండి. అలాగే రెండు కళ్ల బయటి కొసల నుంచి కణతల దగ్గరి జుట్టు దాకా కొలవండి. జుట్టంతా వెనక్కి దువ్వి, అదే కిటికీ దగ్గర, అదే పూట, మూడు నెలలకోసారి ఫొటో తీయండి. రోజూ అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. ఈ గీత నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున వెనక్కి జరిగే రకం, కంటికి ఆనదు. డాక్టరు దగ్గరకు ఆ కాగితం పట్టుకెళితే వాళ్లకు మందు మార్చాలో, జోడించాలో తెలుస్తుంది.

ఆమె జబ్బు వైద్యానికి తెలిసింది నిన్నగాక మొన్న. ఆస్ట్రేలియాలో స్టీవెన్ కొసార్డ్ అనే వైద్యుడు 1994లో, నెలసరి ఆగిపోయిన ఆరుగురు మహిళల్లో గమనించి మొదటిసారి రాశారు. లైకెన్ ప్లానోపైలారిస్ అనే మచ్చపడే జబ్బుకు దీన్ని దగ్గరి చుట్టంగా లెక్కిస్తారు. పరిశోధన మీ జబ్బుకన్నా వెనకబడి ఉండటానికి కారణాలున్నాయి. రోగులు తక్కువ. జబ్బు నత్తనడక నడుస్తుంది, కాబట్టి పరీక్ష ఏళ్ల తరబడి సాగాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, విజయాన్ని దేనితో కొలవాలన్నది. పేనుకొరుకుడులో మొలిచిన జుట్టును లెక్కపెడితే సరిపోతుంది. ఇక్కడ రాలకుండా ఆగిన జుట్టును లెక్కపెట్టాలి.

ఇంకో చిక్కు నాకు స్వయంగా తెలిసింది. వృత్తిలో చేరిన కొత్తలో ఇలాంటి ఒకామెకు నేనే బయాప్సీ చేశాను. నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్క, నున్నటి చోటు నడిమధ్య నుంచి తీశాను, జబ్బు బాగా కనపడేది అక్కడే కదా అనుకుని. ‘మచ్చ కణజాలం’ అని రెండు ముక్కల్లో రిపోర్టు వచ్చింది. ఏ జబ్బు మచ్చ చేసిందో చెప్పడానికి అందులో ఏమీ మిగల్లేదు. తీయవలసింది అంచు నుంచి, ఎర్రగా, పొట్టుతో, ఇంకా వెంట్రుకలు ఉన్నచోట నుంచి. ఆమెకు రెండోసారి సూది గుచ్చాల్సి వచ్చింది. ఆ తిట్లు నాకు న్యాయంగానే దక్కాయి. పరిశోధకుల బాధా ఇదే. రోగి వాళ్ల దాకా వచ్చేసరికి సాక్ష్యం చాలావరకు కాలిపోయి ఉంటుంది.

అయినా కొన్ని మంచి ఆధారాలు దొరికాయి. 2009లో ప్రతిమా కర్ణిక్ బృందం లైకెన్ ప్లానోపైలారిస్ రోగుల తలచర్మాన్ని పరిశీలించి, కుదురులో కొవ్వుల వ్యవహారం నడిపే పిపిఎఆర్ గామా అనే ప్రొటీన్ పని మందగించిందని చూపింది. ఎలుకల మూలకణాల్లో ఆ ఒక్క జన్యువును తీసేస్తే వాటికీ మచ్చపడే జుట్టు రాలుడు వచ్చింది. ఆ ప్రొటీన్‌ను ఉత్సాహపరిచే మధుమేహం మందు పయోగ్లిటజోన్‌ను అప్పటి నుంచి కొందరు వాడి చూస్తున్నారు. ఒకచోట బాగుందన్నారు, ఇంకోచోట లేదన్నారు. నేనైతే మొదటి మందుగా దాన్ని రాయను. 2013లో మాంచెస్టర్‌లో మాథ్యూ హారీస్ బృందం, మూలకణాల గూటికి కూడా మీ అడుగు గడ్డకు ఉన్నలాంటి మరుగే ఉంటుందని, లైకెన్ ప్లానోపైలారిస్‌లో అది కూలిపోతోందని చూపింది. ఇంటర్‌ఫెరాన్ గామా ఇక్కడా ఉంది. 2019లో వచ్చిన జన్యు అధ్యయనం అమ్మగారి జబ్బుకు రోగనిరోధక జన్యువులతో పాటు, హార్మోన్లను విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైముతోనూ సంబంధం ఉందని తేల్చింది. డ్యూటాస్టెరైడ్ లాంటి, హార్మోన్ల మీద పనిచేసే మందులు ఈ జబ్బులో ఎందుకు ఉపయోగపడుతున్నాయో ఆలోచించడానికి అది ఒక దారి.

మంట ఒకటే, ఇల్లు వేరు. అందుకే జాక్ మాత్రలను ఈ జబ్బులోనూ పరీక్షిస్తున్నారు. 2018లో టోఫాసిటినిబ్ వాడిన పదిమంది లైకెన్ ప్లానోపైలారిస్ రోగుల్లో ఎనిమిది మందికి మేలు కనపడిందని రాశారు. బ్రెపోసిటినిబ్ అనే మరో మాత్రను మచ్చపడే రకాలున్నవాళ్లలో రెండో దశలో పరీక్షించారు. ఆశ పెట్టుకోదగ్గ దారే ఇది. అయినా పదిమంది పదిమందే, వాళ్లను పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు కూడా లేరు. నేను ఇది రాస్తున్న నాటికి అమ్మగారి జబ్బుకే ప్రత్యేకించి అమెరికాలో అనుమతి పొందిన మందు ఒక్కటీ లేదు. వచ్చినా అది కూడా ఉన్నదాన్ని నిలబెట్టే మందే అవుతుంది. మూసుకుపోయిన కుదురును మళ్లీ తెరిచే మందు ఏ పరీక్షలోనూ లేదు. ప్రయోగశాలలో మానవ మూలకణాల నుంచి వెంట్రుకలతో సహా చర్మపు ముద్దను పెంచినట్టు 2020లో వచ్చిన వార్త నిజమే, అది తలమీదికి రావడానికి చాలా దూరం ఉంది.

కాబట్టి మీ ప్రశ్నకు సూటి జవాబు: ఆ మాత్ర మీకు అవసరం లేదు. ఆమెకు ఇంకా రుజువు కాలేదు. పైగా 57 ఏళ్ల వయసులో పెట్టె మీది ఆ హెచ్చరిక ఆమెకే ఎక్కువ వర్తిస్తుంది. మిగతా మందులతో గీత ఆగకపోతే అన్నీ తూచి చూసి ఆమె డాక్టరే ఆ మాట ఎత్తవచ్చు. ఈలోగా డాక్టరు సరేనంటే పాత మాత్రలే మళ్లీ మొదలవుతాయి, బహుశా నుదుటి అంచున స్టిరాయిడ్ సూదులో, డ్యూటాస్టెరైడో తోడవుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మోతాదు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి ఏడాదిలోనే ఒకసారి కంటి రెటీనా పరీక్ష చేయించాలి, అయిదేళ్లు దాటాక ఏటా. ఏడు నెలల్లో ఆ పరీక్ష అయి ఉండకపోతే ఇప్పుడు చేయించండి.

జుట్టు నాటించే మాట ఇప్పుడు వద్దు. మంట ఆరనిచోట నాటితే కొత్త కుదుళ్లూ అదే దాడికి బలవుతాయి. జబ్బు కనీసం ఒకటి రెండేళ్లు పూర్తిగా సద్దుమణిగి ఉండాలి. అప్పటికీ నాటినవి కొన్నేళ్లలో పలచబడటం ఈ జబ్బులో తరచూ చూస్తాం. మీకైతే అసలే వద్దు. మీ గూళ్లు నిక్షేపంగా ఉన్నాయి, వాటి మధ్య కొత్తవి నాటించుకోవడం దేనికి?

ఇద్దరికీ ఒకేసారి రావడం చూసి ఇది ఆమె నుంచి మీకు దిగిందేమో, రేపు మీకూ మచ్చపడుతుందేమో అని మనసులో ఉంటే తీసేయండి. ఒకటి ముదిరి రెండోదిగా మారదు.

పెన్సిల్ సంగతి మరిచిపోలేదు. నిరభ్యంతరంగా దిద్దుకోవచ్చు, తుడిచేటప్పుడు గట్టిగా రుద్దకుండా ఉంటే చాలు. సూదులతో రంగు ఎక్కించే శాశ్వత పద్ధతులు మాత్రం జబ్బు సద్దుమణిగాకే. ఇంకో మాట ఆమెకు చెప్పండి. నుదుటి మీది గీత సంగతి ఎలా ఉన్నా, కనుబొమల్లో స్టిరాయిడ్ సూదులు వేస్తే కొందరికి కొన్ని వెంట్రుకలు తిరిగి వస్తాయి, అక్కడ కొన్ని గూళ్లు బతికి ఉండే అవకాశం ఉంది కాబట్టి. ఈ వారం వెళ్లినప్పుడు పెన్సిల్ తుడుచుకుని వెళ్లమనండి, డాక్టరు ఆ చోటును భూతద్దంతో చూడాలి.